అమ్మ దిగడం చూడండి

పాఠకుల కారు ప్రశ్నలకు విజయవాడ ఆటోనగర్ మాజీ ఫోర్‌మన్ జవాబులు

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మాది ఖమ్మం. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. 2011 మార్చిలో కొన్న డీజిల్ ఇన్నోవా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. 2,38,000 కిలోమీటర్లు తిరిగింది, ఒక్కసారి కూడా దారి మధ్యలో ఆపలేదు. కానీ ఈ ఏడాది క్లచ్, సస్పెన్షన్, ఏసీ వరసపెట్టి రిపేరుకి వచ్చాయి. 90 వేలు దాటింది ఖర్చు. వచ్చే మార్చికి బండికి 15 ఏళ్లు నిండుతాయి. మార్చేద్దామని ఇంట్లో అందరూ అంటున్నారు. రోజూ ఇంటి నుంచి యార్డుకి నాలుగు కిలోమీటర్లు తిరుగుతాను. అమ్మాయి హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతోంది, నెలకి రెండుసార్లు వెళ్లొస్తాం. ఏడాదికోసారి తిరుపతి. ఇంట్లో ఐదుగురం. అమ్మకి 74 ఏళ్లు, రెండేళ్ల కిందట మోకాలి ఆపరేషన్ అయింది. ఆన్ రోడ్ 35 లక్షల దాకా పెట్టగలను. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్డా, క్రిస్టా డీజిలా, ఎక్స్‌యూవీ 700 డీజిలా అన్నది తేలడం లేదు. ఈలోగా హైదరాబాదులో ఒక స్నేహితుడు తన మూడేళ్ల జర్మన్ సెడాన్ 30 లక్షలకి ఇస్తానంటున్నాడు. నిజం చెప్పాలంటే మనసు దాని మీదే ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, చివరి మాట కోసమే మిగతా ఉత్తరమంతా రాశారని అర్థమైంది. ముప్పై ఎనిమిదేళ్లు ఆటోనగర్‌లో బండ్ల కింద పడుకుని పనిచేసినవాణ్ణి. ‘ఏ కారు కొనమంటారు’ అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మనసులో అప్పటికే కొనేసుకుని వస్తారు. కాబట్టి ముందు ఆ జర్మన్ బండి సంగతే తేల్చేద్దాం.

అది మంచి బండి. తలుపు వేస్తే వచ్చే ఆ శబ్దం, నూట ఇరవైలో కూడా చేతికి వణుకు తెలియని స్టీరింగ్, నాకూ ఇష్టమే. పదేళ్ల కిందట మిర్యాలగూడ వైపు రైస్ మిల్లు ఉన్న ఒక పెద్దమనిషి ఇలాంటి బండే సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నారు. ఏ కంపెనీయో ఇప్పుడెందుకు లెండి. మే నెలలో సూర్యాపేట దాటాక ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. విప్పి చూస్తే ప్లాస్టిక్ కూలెంట్ పైపు ఒకటి పెళుసెక్కి చిట్లింది. పైపు ఖరీదు పెద్దదేం కాదు. అది రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. ఆ పందొమ్మిది రోజులూ ఆయన తమ్ముడి ఆల్టోలో తిరిగారు. ఆయనకి కోపం తెప్పించింది ఖర్చు కాదు, ఆ ఆల్టో.

మీ ఊళ్లో ఆ బండికి కంపెనీ వర్క్‌షాప్ లేదు. చిన్న లైటు వెలిగినా హైదరాబాదుకో విజయవాడకో తీసుకెళ్లాలి. ఇలాంటి సెడాన్లలో కొన్నిటికి రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) ఉంటాయి, డిక్కీలో స్టెప్నీ ఉండదు. ఒక్కో టైరు పాతిక వేలకి అటూ ఇటూ. రాత్రి పదింటికి వైరా రోడ్డు గుంటలో టైరు పక్కన చీలితే పంక్చరు షాపువాడు చూసి చెయ్యి ఊపేస్తాడు. ఇక అమ్మగారి మోకాలు. సెడాన్ సీటు నేలకి దగ్గర. కూర్చోవడం సులువే, లేవడమే నరకం. దాని సంగతి కాసేపటికి మళ్లీ చెబుతా.

అయినా మనసు ఒప్పుకోకపోతే ధర మాత్రం మళ్లీ మాట్లాడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద పన్ను 40 శాతానికి దిగింది. అంతకుముందు సెస్సుతో కలిపి 50 దాకా ఉండేది. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాత బండి ధర కూడా తగ్గాలి కదా. మీ స్నేహితుడు 30 లక్షలు అన్నది ఆ తేదీకి ముందు వేసుకున్న లెక్కా, తర్వాత వేసుకున్నదా? కంపెనీ వారంటీ పొడిగింపు ఇంకా కొనుక్కోవడానికి వీలుందేమో అడగండి. కుదరదంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

సెకండ్‌హ్యాండ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు సీట్ల దాకా మునిగిన కార్లు ఎన్నో ఆటోనగర్‌కి వచ్చాయి. నా కళ్లతో చూశాను. కొన్ని తుక్కుకి పోయాయి. కొన్ని శుభ్రంగా కడిగి, సీట్లు మార్చుకుని, సెంటు కొట్టుకుని ఎక్కడికో వెళ్లాయి. ఎవరి దగ్గర కొన్నా సరే, సీటు బెల్టు మొత్తం చివరిదాకా బయటికి లాగి చూడండి. మునిగిన బండి బెల్టు లోపలి భాగంలో బురద గీత ఉంటుంది. పైకి కనిపించేదంతా కడుగుతారు, బెల్టు చివరి దాకా లాగి కడిగేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. సీటు కింద బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంటలో ఇసుక కూడా చూడండి. ‘సింగిల్ హ్యాండ్, షోరూమ్ ట్రాక్’ అని నోటితో చెప్పేది నమ్మకండి. సర్వీసు చరిత్ర కంపెనీ వర్క్‌షాప్ నుంచి కాగితం మీద తెప్పించుకోండి. రీడింగ్ వెనక్కి తిప్పిన బండి అక్కడే దొరికిపోతుంది.

ఇక కొత్తవాటికి వద్దాం. అందరూ షోరూమ్‌కి వెళ్తారు. మీరు దాని వెనకున్న వర్క్‌షాప్‌కి వెళ్లండి, శనివారం పొద్దున. షెడ్డు పక్కన దుమ్ము పట్టి నిలబడ్డ బండ్లు ఎన్నో లెక్కపెట్టండి. అద్దం మీద వేలితో గీస్తే గీత పడే బండి స్పేర్‌పార్టు కోసం ఎదురుచూస్తున్న బండి. అక్కడ టీ తాగుతున్న డ్రైవర్లని పలకరించండి. సేల్స్ కుర్రాడు చెప్పని సంగతులు వాళ్లు పది నిమిషాల్లో చెప్పేస్తారు. మీరు అనుకుంటున్న మూడు బండ్లకీ ఈ పరీక్ష పెట్టండి. నమ్మకమైన కారు అంటే చెడిపోని కారని అందరూ అనుకుంటారు. చెడిపోనిది లేదు తమ్ముడూ. చెడిపోయినప్పుడు మీ ఊళ్లోనే, మూడో రోజుకి ఇంటికొచ్చేదే నమ్మకమైనది. మీ ఇన్నోవా పద్నాలుగేళ్లు మిమ్మల్ని దారిలో వదిలెయ్యలేదంటే అందులో బండి గొప్పతనం సగం. మిగతా సగం మీ ఊరి మెకానిక్‌కి దాని ప్రతి నట్టూ తెలియడం.

మీ వాడకం చూస్తే డీజిల్ వద్దంటాను. కారణం ఆ నాలుగు కిలోమీటర్లు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లకి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టుకుంటుంది. నిండాక దాన్ని తనే కాల్చేసుకోవాలి. అందుకు పొగగొట్టం దాదాపు ఆరువందల డిగ్రీల వేడెక్కాలి. ఇంటి నుంచి యార్డుకి వెళ్లేసరికి మీ ఇంజిన్ గోరువెచ్చనైనా కాదు. రోజూ ఇదే తంతు జరిగితే జల్లెడ మూసుకుపోయి లైటు వెలుగుతుంది, లాగుడు తగ్గుతుంది. నెలకి రెండుసార్లు హైదరాబాదు వెళ్తారు కాబట్టి ఆ రోజుల్లో కొంత శుభ్రపడుతుంది, కాదనను. కానీ మిర్చి సీజన్‌లో మీరు నెలన్నర ఊరు కదలరు. డీపీఎఫ్ మార్చాల్సి వస్తే బిల్లు చూసి మీ ఏటి కమీషన్ గుర్తుకొస్తుంది. మీ పాత బండికి ఆ జల్లెడే లేదు. అందుకే పద్నాలుగేళ్లు ఏ గొడవా లేకుండా యార్డుకి తిరిగింది. అదే ఇంజిన్ అలవాటుతో క్రిస్టా కొనేవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పైగా క్రిస్టా ఇప్పుడు డీజిల్ మాన్యువల్‌లోనే వస్తోంది. ఏటా తిరుపతికి క్లచ్ తొక్కడం ఇంకెన్నాళ్లు?

ఎక్స్‌యూవీ 700 డీజిల్ బలమైన బండి. హైవే మీద దాని లాగుడు ముందు మిగతా రెండూ నిలవవు. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో 2021లోనే పెద్దల రక్షణకి 5 స్టార్లు తెచ్చుకుంది. మీరు ఏడాదికి ముప్పై వేల కిలోమీటర్లు, అదీ హైవే మీద తిరిగేవాళ్లయితే నేను వేరే జవాబు రాసేవాణ్ణి. మీ యార్డు తిరుగుడికి మాత్రం అదే డీపీఎఫ్ సమస్య. దానికి తోడు పొగలోని విషవాయువుల్ని తగ్గించే యాడ్‌బ్లూ ద్రవం పోస్తుండాలి.

పెట్రోలు ఇంజిన్‌కి కరెంటు మోటారు తోడున్న హైక్రాస్ హైబ్రిడ్ మీ తిరుగుడికి సరిగ్గా సరిపోతుంది. మామూలు బండి ఎక్కడ పెట్రోలు తాగుతుందో ఇది అక్కడే మిగులుస్తుంది. యార్డు గేటు దగ్గర ట్రాలీ ఆటోల వెనక పాకుతున్నప్పుడు ఇంజిన్ ఆగిపోయి మోటారు మీద కదులుతుంది. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ కొంత నిండుతుంది. ఇంట్లో ప్లగ్గు పెట్టే పని లేదు. గేర్‌బాక్సులో క్లచ్ ప్లేటు లేదు, సాధారణ సీవీటీ ఆటోమేటిక్‌లా బెల్టూ లేదు. గ్రహాల్లా తిరిగే పళ్లచక్రాలతో నడుస్తుంది. అరిగేవి తక్కువ.

‘బ్యాటరీ పోతే?’ అని మీ బావమరిది తప్పకుండా అడుగుతాడు. ప్రతి ఇంట్లో ఒక బావమరిది ఉంటాడు. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. మీరు ఏటా 14 వేలు తిరిగినా ఎనిమిదేళ్లకి 1,12,000. మన దేశంలో టొయోటా కామ్రీ హైబ్రిడ్ 2013 నుంచి తిరుగుతోంది, కాబట్టి ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు. మీరు చేయాల్సింది ఒక్కటే. బ్యాటరీ చల్లబడటానికి బండి లోపల్నుంచి గాలి పీల్చుకునే జాలీ ఉంటుంది, దానికి అడ్డంగా సంచులు పెట్టకండి. అది ఎక్కడుందో డెలివరీ రోజునే చూపించమనండి. మిర్చి శాంపిల్ సంచులు మీరు బండిలోనే వేస్తారని నాకు తెలుసు. ఆ ఘాటు దుమ్ము ఏసీ ఫిల్టర్‌ని కూడా చంపుతుంది. కంపెనీ చెప్పిన గడువు కోసం చూడకుండా ఐదు వేలకోసారి తీసి దులపండి.

అయితే మైలేజీ కోసం కొంటున్నామని ఎవరికీ చెప్పకండి, నవ్వుతారు. కంపెనీ చెప్పేది లీటరుకి 23.24. మీకు పదహారు, పదిహేడు వస్తే సంతోషించండి. పెట్రోలు డీజిల్ కన్నా ఖరీదైనా, మీ పాత డీజిల్ ఖర్చుతో పోల్చితే ఏడాదికి పాతిక వేలు మిగులుతుంది. అంటే నెలకి రెండు వేలు. 34 లక్షలు పెట్టి నెలకి రెండు వేలు మిగల్చడం వ్యాపారం కాదని మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు అమ్మగారి మోకాలు. టెస్ట్ డ్రైవ్‌కి మీరొక్కరే వెళ్లకండి, ఆవిణ్ణి తీసుకెళ్లండి. ఎక్కేటప్పుడు అందరూ చెయ్యి అందిస్తారు, ఎలాగో ఎక్కేస్తారు. దిగడం చూడండి. మూడుసార్లు ఎక్కించి దింపండి, మూడోసారి ఎవరూ పట్టుకోకండి. కాలు నేలకి ఆనకముందే నడుము జారుతోందా, చేతికి పట్టు ఎక్కడ దొరుకుతోంది, చీర కుచ్చిళ్లు గడపకి తగులుతున్నాయా అని గమనించండి. హైక్రాస్‌కి క్రిస్టాలా కింద ప్రత్యేకంగా ఛాసిస్ ఫ్రేము లేదు, బాడీయే ఫ్రేము. అందుకే లోపలి నేల కాస్త కిందికి ఉంటుంది. మా అక్కయ్యకి రెండు మోకాళ్లూ మార్చారు. ఆవిడ ఎత్తు బండ్లన్నీ చూసి చివరికి సీటు తన నడుము ఎత్తుకి వచ్చేదే కావాలంది. మీ అమ్మగారు మధ్య వరసలో విడి సీటులో కూర్చుని, వీపు ఆనించి, కాళ్లు నేలకి ఆనుతున్నాయో లేదో కూడా చూడండి. ఎనిమిది సీట్ల రకంలో మధ్యలో బెంచీ వస్తుంది. ఐదుగురికి ఏడు సీట్లదే తీసుకోండి, రెండు విడి సీట్ల మధ్య దారి ఉంటుంది.

పై అద్దం గురించి పిల్లలు ఏడుస్తారు. మే నెలలో ఖమ్మం ఎండకి నెత్తి మీద గాజు పెట్టుకోవడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అది నా ముసలి బుద్ధి అనుకోండి. టాప్ ఎండ్‌లో వచ్చే ఏడాస్ (డ్రైవర్‌ని హెచ్చరించి, అవసరమైతే తనే బ్రేకు వేసే ఏర్పాటు) కెమెరాలు, రాడార్లు మాత్రం తీసిపారేయను. సూర్యాపేట దాటాక హైవే మీద కునుకు పట్టేవాడికి అవి ప్రాణం నిలబెడతాయి. ఊళ్లో లైట్లు లేని ట్రాక్టర్‌కీ, రాంగ్ రూట్ ఆటోకీ అవి ఉలిక్కిపడి బ్రేకు వేస్తాయి, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. మొదటి నెల సెట్టింగులు నేర్చుకుని వాడండి. హైక్రాస్‌కి కూడా భారత్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు వచ్చాయి. కానీ 2022 సెప్టెంబర్‌లో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది మామూలు కారులో కాదు, మెర్సిడెస్‌లో. వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అమ్మగారికి బెల్టు ఒత్తుకుంటుందంటే భుజం దగ్గర చిన్న మెత్త కట్టండి గానీ తియ్యనివ్వకండి.

డబ్బు లెక్క. ఎక్స్ షోరూమ్ 28 లక్షలు అనుకోండి. తెలంగాణలో ఈ ధర కారుకి లైఫ్ ట్యాక్సే ఐదు లక్షల పైన. ఇన్సూరెన్స్ లక్ష పైన. 10 లక్షలు దాటిన కారుకి 1 శాతం టీసీఎస్ అనే ముందస్తు ఆదాయపు పన్ను, 28 వేలు. అది మీ పేరు మీద ప్రభుత్వానికి జమ అవుతుంది, రిటర్నులో చూపించి తగ్గించుకోవచ్చు. మీ ఆడిటర్‌కి చెప్పడం మరిచిపోకండి, చాలామంది వదిలేస్తున్నారు. అంతా కలిపి 34 దాటుతుంది. మీ 35లో సరిపోతుంది గానీ టాప్ ఎండ్‌కి సాగకండి, ఒక మెట్టు కింద ఆగండి.

ఇక్కడొక మెలిక ఉంది. మీ పేరు మీద ఇప్పటికే కారు ఉండగా ఇంకోటి రిజిస్టర్ చేయిస్తే లైఫ్ ట్యాక్స్‌కి తోడు బండి ధరలో మరో 2 శాతం అదనం. 28 లక్షల మీద 56 వేలు. కాబట్టి పాత ఇన్నోవా ముందు అమ్మి, పేరు మారాకే కొత్తది మీ పేరున చేయించండి.

పాతది ఎప్పుడు అమ్మాలంటే, మార్చిలోపే. 15 ఏళ్లు నిండాక ఆర్‌సీ ఐదేళ్లకి పొడిగించుకోవచ్చు. బండి పాసింగ్ (ఫిట్‌నెస్ పరీక్ష) చేయించాలి, 2022 నుంచి కారుకి రెన్యువల్ ఫీజే 5,000, గ్రీన్ ట్యాక్స్ వేరే. కొనేవాడు ఈ ఖర్చంతా మీ ధరలోంచే కోస్తాడు. షోరూమ్ ఎక్స్ఛేంజ్ ధర విన్నాక బయట ఇద్దరిని అడగండి. మీలాంటి ఒకే చేతి ఇన్నోవాకి పల్లెల్లో ఇప్పటికీ గిరాకీ ఉంది. పేరు మార్పిడి ఫారం 29, 30 సంతకాలు చేసి తాళాలు ఇచ్చేసి ఊరుకోకండి. ఆర్‌సీలో పేరు మారేదాకా ఆ బండి ఎవరిని గుద్దినా నోటీసు మీ ఇంటికే వస్తుంది. కొనేవాడు ఆంధ్రావాడైతే మన ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కూడా కావాలి. ఫాస్టాగ్ రద్దు చేయించండి. లేకపోతే అతను కోదాడ దాటినప్పుడల్లా మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఇన్సూరెన్స్‌లో మీకున్న నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. ఐదేళ్లు క్లెయిమ్ చేయకపోయి ఉంటే 50 శాతం. పాత పాలసీ కంపెనీ నుంచి లెటర్ తీసుకుని కొత్త బండికి పెట్టించుకోండి. షోరూమ్‌వాళ్ల కోట్‌లో అది ఉండదు, మీరే అడగాలి.

డిసెంబర్‌లో కొంటే ఏడాది పాతదవుతుందని భయపెడతారు. రెండేళ్లకోసారి మార్చేవాడికి ఆ భయం. పద్నాలుగేళ్లు ఉంచుకునే మనిషికి డిసెంబర్ డిస్కౌంటే లాభం, నిక్షేపంగా తీసుకోండి. తయారీ నెల మాత్రం ఛాసిస్ ప్లేటు మీద చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు కూడా చూడండి. 3625 అని ఉంటే 2025లో 36వ వారం అన్నమాట. డబ్బు కట్టాక కాదు, నంబరు పడకముందు చూడాలి. అప్పటిదాకా ఆ బండి మీద మీకు మాట ఉంటుంది.

స్నేహితుడికి ఏం చెప్పాలో మీ ఇష్టం. అమ్మ మోకాలి మీదికి నెట్టేయండి, ఏమనుకోడు.

ప్రశ్న: మాస్టారూ, మాది మియాపూర్. పాత సెడాన్ ఇచ్చేసి పాతిక లక్షల్లో ఎలక్ట్రిక్ కారు తీసుకుందామని మావారి పట్టుదల. తెలంగాణలో ట్యాక్స్ లేదట కదా. అపార్ట్‌మెంట్‌లో ఛార్జింగ్ పాయింట్ లేదు, ‘బయట పెట్టుకుందాంలే’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ట్యాక్స్ మాట నిజమే అమ్మా. 2026 డిసెంబర్ 31 లోపు తెలంగాణలో రిజిస్టరయ్యే ఎలక్ట్రిక్ కారుకి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. అదే ధరకి పెట్రోలు కారైతే ట్యాక్సే లక్షల్లో కట్టాలి. జీఎస్టీ కూడా 5 శాతమే. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే ఇంటికి మంచి ఎంపిక.

కానీ బయట ఛార్జింగ్ మీద బతుకుదామంటే ఒప్పుకోను. రెండు నెలలు సరదాగా ఉంటుంది. మూడో నెల నుంచి రాత్రి తొమ్మిదింటికి క్యూలో ఎవరు నిలబడాలన్న గొడవ మీ ఇద్దరికీ మొదలవుతుంది. ముందు అసోసియేషన్‌కి రాయండి. మీ మీటర్ నుంచి మీ పార్కింగ్ స్థలం దాకా విడిగా వైరు లాగడానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. వైరు మందం, ఎర్తింగు మీ బిల్డింగ్ ఎలక్ట్రీషియన్ కాకుండా కారు కంపెనీ మనిషి వచ్చి చూడాలి. ఆ కాగితం చేతికొచ్చాకే మీవారిని షోరూమ్‌కి పంపండి. అసోసియేషన్‌వాళ్లు అనుమతి ఇవ్వం అన్నారంటే పాత సెడాన్‌కి కొత్త టైర్లు వేయించి ఇంకో ఏడాది తిప్పండి.